చీకటిగది నుంచి అంతర్జాలానికి: కృష్ణా మెట్టప్రాంతంలో ఛాయాచిత్ర సవరణ విద్య

వ్యాససంగ్రహం

ఛాయాచిత్రాన్ని సవరించే పని తెలుగునాట స్టూడియోలలో చూసి నేర్చుకునే విద్యగా మొదలైంది. డీటీపీ కేంద్రాల మీదుగా సాగి నేడది అంతర్జాలంలో వెతికి నేర్చుకునే విద్యగా మారింది. కీసర, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ మార్పు చరిత్రను ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది. ఈ విద్యకు సంబంధించిన రాత తెలుగులో అందకపోవడానికి ఆంగ్లమే కారణమన్న అభిప్రాయం అసంపూర్ణమని, ఇది మొదటినుంచీ నోటివిద్యగా ఉండడం, రాసిన కొద్దిపాటి తెలుగు కూడా వెతుకులాటకు చిక్కని ఫాంట్లలో నిలిచిపోవడం అంతకంటె బలమైన కారణాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రం, సవరణ, స్టూడియో, డీటీపీ, యూనికోడ్, వీడియోపాఠం, కీసర, నందిగామ, జగ్గయ్యపేట.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారిమీద నందిగామ దాటాక, కంచికచర్లకు ముందు, మున్నేటి ఒడ్డున ఉన్న ఊరు కీసర. హైదరాబాదు శివారులోని కీసరగుట్ట కీసరకూ దీనికీ సంబంధం లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఇది కృష్ణాజిల్లాలోది, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలోది. దారినపోయేవారికి టోల్‌గేటుగా మాత్రమే తెలిసిన ఊరు ఇది. పత్తి, మిరప పండే ఈ మెట్టప్రాంతానికి నందిగామ, జగ్గయ్యపేట దగ్గరి పట్నాలు, విజయవాడ పెద్ద బజారు.

ఇటువంటి ఊళ్లలో ఛాయాచిత్ర సవరణ అవసరం అలంకారం కోసం పుట్టలేదు. ఇంటి పెద్ద కన్నుమూస్తే పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి. బతికున్నప్పుడు ఒక్కసారైనా ఒంటరిగా ఫొటో దిగని మనుషులు పాతతరంలో ఎందరో. వారి రూపం ఎవరి పెళ్లిలోనో గుంపులో వెనక వరసలో నిలబడిన ఫొటోలో ఉంటుంది, లేకపోతే రేషన్ కార్డు మీదా, 1993 తరువాత వచ్చిన ఓటరు గుర్తింపు కార్డు మీదా గోరంత బొమ్మగా ఉంటుంది. ఆ గోరంత ముఖాన్ని గోడకు వేలాడే పటంగా చేయడానికి పది రోజుల గడువు. ఆ గడువులో ఆ పని చేసిపెట్టగలిగినవారు ఆ నేర్పును ఎక్కడ, ఎవరి దగ్గర, ఏ భాషలో పొందారన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

స్టూడియోల సంభాషణలో ‘టచప్’ అనీ, నేటి వాడుకలో ‘ఎడిటింగ్’ అనీ పిలిచే రెండు పనులనూ కలిపి ఇక్కడ ‘సవరణ’ అనడం జరిగింది. పనిముట్టు మారినా పని ఒకటే కావడం అందుకు కారణం.

2. పెన్సిలు మొన

కృష్ణాతీరపు బౌద్ధశిల్పం కెమెరా ముందుకు తొందరగానే వచ్చింది. మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడైన లినేయస్ ట్రైప్ 1858లో మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను చిత్రించాడు. జగ్గయ్యపేట స్తూపాన్ని 1882లో పరిశీలించిన జేమ్స్ బర్జెస్ 1887లో ప్రచురించిన గ్రంథంవల్ల అక్కడి చక్రవర్తి ఫలకం ప్రపంచానికి తెలిసింది. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఆ ఫలకాన్ని సొంత ఊరివారిలో చాలామంది చూసింది కూడా బొమ్మలోనే. ట్రైప్‌ను ఇక్కడ తలచుకోవడానికి మరొక కారణం ఉంది. ఆయన తన కాగితపు నెగటివుల వెనకవైపు రంగు పూసి ఆకాశంలో మబ్బులనూ, చెట్లకు ఆకులనూ సరిదిద్దేవాడు. ఎండ మెండుగా ఉన్న దేశంలో ఆకాశం అచ్చులో తెల్లగా చదునుగా పడేది, ఆకుపచ్చ నల్లగా ముద్దకట్టేది. అంటే దక్షిణభారతంలో ఛాయాచిత్రం పుట్టిన తొలిరోజులలోనే సవరణ కూడా పుట్టింది. ఒకప్పటి ఫొటోలు నిజం చెప్పేవనీ, కంప్యూటరు వచ్చాకే అబద్ధం మొదలైందనీ తరచు వినిపించే మాటకు చరిత్రలో ఆధారం లేదు.

మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ 1850లో నెలకొల్పిన కళాపాఠశాలలో ఛాయాచిత్రణం నేర్పేవారు. హైదరాబాదు సంస్థానంలో రాజా దీన్‌దయాళ్ స్టూడియో నడిచింది. 1892లో అక్కడ పరదా స్త్రీల కోసం ఒక ఆంగ్లవనిత పర్యవేక్షణలో ప్రత్యేక స్టూడియో కూడా వెలసింది. ఇవి రాజధానుల సంగతులు. చిన్న ఊళ్లలో ఈ విద్య ఎదిగిన దారి బడిది కాదు, దుకాణానిది.

ఆ దుకాణంలో అసలైన పని చీకటిగదిలో కాదు, కిటికీ పక్కనున్న ఏటవాలు బల్ల మీద జరిగేది. బల్ల మధ్యలో అద్దం బిగించిన కంత, కింద వెలుతురును పైకి మళ్లించే మరో అద్దం. నెగటివును ఆ కంతమీద ఉంచి, ఎమల్షన్ వైపు పెన్సిలు పట్టు దొరకడానికి పలుచని వార్నిషు పూసేవారు. గట్టి సీసపు పెన్సిలును ఇసుక కాగితంమీద సూదిలా అరగదీసి, చుక్కలుగా, కామాలుగా, మెలికలుగా గీసేవారు. గీత గీతగా కనిపించిందా పని చెడినట్లే.

ఈ పనిలోని కష్టం చేతిది మాత్రమే కాదు, బుద్ధిది కూడా. నెగటివులో అంతా తలకిందులు. ముఖంమీది ముడత అచ్చులో నల్లగా పడుతుంది కాబట్టి నెగటివులో అది పలుచగా, తేటగా ఉంటుంది. ఆ తేటచోట పెన్సిలుతో సాంద్రత చేరిస్తే అచ్చులో ముడత తేలికవుతుంది. అంటే పెన్సిలు నలుపును చేర్చి తెలుపును సాధిస్తుంది. నలుపు కావలసినచోట పెన్సిలు పనికిరాదు, సన్నని కత్తితో ఎమల్షన్‌ను గీకాలి. గీకినదాన్ని మళ్లీ అతికించలేరు. దుమ్ముపడి అచ్చులో తెల్లచుక్కలు తేలితే వాటిని కుంచెమొనతో అచ్చుమీదే నింపాలి. ఇలా నెగటివుమీద ఒక తర్కం, అచ్చుమీద దానికి ఎదురు తర్కం నడుస్తాయి. రెండింటినీ ఒకే మనిషి ఒకే పూటలో తలలో మోయాలి.

మశూచి భారతదేశంలో 1975లో ఆగిపోయినా, దాని మచ్చలు మోసిన ముఖాలు ఆ తరువాత దశాబ్దాలపాటు కెమెరా ముందు కూర్చున్నాయి. పెళ్లిచూపులకు ముందు పంపే ఫొటోలో ఆ మచ్చలు కనిపించకూడదన్నది ఇంటివారి కోరిక. మచ్చలన్నిటినీ నింపితే ముఖం సున్నం పూసిన గోడలా తయారవుతుంది. ఎన్నిటిని నింపాలి, ఎన్నిటిని వదలాలి అన్న విచక్షణే ఈ విద్యకు ప్రాణం. ఈ విచక్షణ ఏ పుస్తకంలోనూ ఉండదు.

నలుపు తెలుపు అచ్చులకు రంగులద్దడం దీనికి అనుబంధ విద్య. పారదర్శకమైన రంగును దూదితోనో కుంచెతోనో పలుచగా పరిచేవారు. చీర రంగేదో, అంచు రంగేదో ఫొటో చెప్పదు, ఇంటివారిని అడగాలి. తల్లి జ్ఞాపకంలో మిరపపండు ఎరుపు, కూతురి జ్ఞాపకంలో కుంకుమ ఎరుపు కావచ్చు. ఆ తగవు తేలిన తరువాతే కుంచె కదిలేది. పటంలోని రంగుకు సాక్ష్యం కుటుంబపు జ్ఞాపకమే.

కంప్యూటరులోని సాధనాలలో ఈ పాత విద్య ఆనవాళ్లు మిగిలాయి. ఫొటోషాప్‌లో వెలుగు పెంచే ‘డాడ్జ్’ గుర్తు తీగకు గుచ్చిన గుండ్రని అట్టముక్క, చీకటి పెంచే ‘బర్న్’ గుర్తు వేళ్లు ముడిచిన చెయ్యి. ఎన్‌లార్జర్ కింద కాంతికి ఆ అట్టనూ చేతినీ అడ్డంపెట్టినవారికి ఆ గుర్తులు చూడగానే అర్థమవుతాయి. ‘అన్‌షార్ప్ మాస్క్’ అన్న వింతపేరు కూడా చీకటిగది నుంచి వచ్చిందే. చిత్రాన్ని పదునుపెట్టే సాధనానికి పదునులేని తెర పేరెందుకన్న అనుమానం కొత్తగా నేర్చుకునేవారికి వస్తుంది. మసకగా తీసిన నకలును అసలు నెగటివుకు జతచేసి అచ్చువేస్తే అంచులు తేలే పద్ధతి తెలియకపోతే ఆ అనుమానం తీరదు.

3. చూసి నేర్చుకోవడం

స్టూడియోలో చేరిన కుర్రవాడికి మొదటిరోజున పెన్సిలు ఇవ్వరు. అచ్చులను నీళ్లలో కడగడం, ఆరబెట్టడం, అంచులు కత్తిరించడం, హైపో కలపడం తొలిమెట్లు. పక్కనుండి చూడడమే పాఠం. గురువు నోరు విప్పి చెప్పేది తక్కువ, తప్పు చేసినప్పుడు తిట్టేది ఎక్కువ. రసాయనాల పాళ్లను అందరికీ చెప్పేవారు కారు, కొడుక్కో అల్లుడికో చెప్పేవారు. పోటీ స్టూడియో వీధి చివరే ఉన్నప్పుడు ఆ గోప్యతను తప్పుపట్టడం సులువు కాదు. కానీ ఆ గోప్యతకు చరిత్ర చెల్లించిన మూల్యం పెద్దది. స్టూడియో మూతపడితే నెగటివులతోపాటు ఆ పాళ్లూ పోయాయి.

ఈ వృత్తికి తనదైన పంచాంగం ఉంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వంటి ముహూర్తాల నెలలలో నేర్పడానికీ నేర్చుకోవడానికీ తీరిక ఉండదు. ఆషాఢం, మూఢాలు వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడే చేతికి ఖాళీ దొరుకుతుంది. నేటికీ పెళ్లి ఫొటోలమీద బతికేవారు కొత్త సాఫ్ట్‌వేరును తెరిచి కూర్చునేది ఈ శూన్యమాసాలలోనే. విద్య స్వరూపం మారినా దాని రుతువు మారలేదు.

పట్టా చదువు లేదని కాదు. హైదరాబాదులోని లలితకళల కళాశాలలో ఛాయాచిత్రణంలో పట్టా ఉంది. 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం కింద అది కొనసాగుతున్నది. ఐటీఐ చదువులలో డీటీపీకి, డిజిటల్ ఛాయాచిత్రణానికి కోర్సులున్నాయి. అయితే నందిగామ బజారులో పాస్‌పోర్టు సైజు ఫొటో తీసే దుకాణాన్ని నడపడానికి ఆ పట్టా ఎవరూ అడగలేదు.

4. డీటీపీ కేంద్రం

థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫొటోషాప్ 1990 ఫిబ్రవరిలో మెకింటాష్ కంప్యూటర్ల కోసం వెలువడింది. విండోస్ రూపం 1993లో, పొరలను విడివిడిగా ఉంచే ‘లేయర్లు’ 1994లో, మచ్చను చుట్టుపక్కల చర్మంతో కలిపేసే ‘హీలింగ్ బ్రష్’ 2002లో వచ్చిన 7.0 రూపంలో చేరాయి. తెలుగు పట్టణాలలో ఈ 7.0 ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, తరువాత ఎన్ని రూపాలు వచ్చినా చాలా స్టూడియోలు దానిని ఏళ్ల తరబడి విడిచిపెట్టలేదు. పాత కంప్యూటరుమీద నడవడం ఒక కారణం. లైసెన్సు లేని ప్రతులు చేతులు మారడం మరో కారణం, ఇదేమీ రహస్యం కాదు. దీని ఫలితం విద్యమీద కూడా పడింది. కొనని వస్తువుకు కంపెనీ సహాయం అడగలేరు. సందేహం వస్తే పక్క దుకాణంవాడే దిక్కు.

పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఆ తరువాత ఫ్లెక్సీలు తయారుచేసే డీటీపీ కేంద్రం స్టూడియోకు పక్కింటిదిగా మొదలై, క్రమంగా రెండూ ఒకే కప్పు కిందికి చేరాయి. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫొటోషాప్ కలిపి మూడు నెలలలో నేర్పుతామన్న బోర్డులు మండల కేంద్రాలలో కూడా వెలిశాయి. వీటివల్ల జరిగిన ఒక మేలును చరిత్రకారులు గుర్తించాలి. ఊరి స్టూడియోలోని చీకటిగదిలోకి ఆడపిల్లలకు ప్రవేశం అరుదు, డీటీపీ కేంద్రంలో వారు పనిచేయడం మాత్రం సాధారణమైంది. సవరణ విద్య కుటుంబపు మగపిల్లల ఆస్తిగా ఉండడం అప్పుడే సడలింది.

మూడు నెలల కోర్సు సాధనాల పేర్లు నేర్పేది, పని నేర్పేది కాదు. పని నేర్పినవి పీఎస్‌డీ ఫైళ్లు. ‘కరిజ్మా’ ఆల్బములు వచ్చాక వాటి పుటలకు కావలసిన నమూనాలు డీవీడీలలో బజారుకు వచ్చాయి. పూలదండలు, మంటపాలు, నెమలి పింఛాలు, ఖాళీగా వదిలిన చట్రాలు అందులో ఉండేవి. ఆ ఫైలు తెరిచి ఒక్కొక్క పొర ముందున్న కన్ను గుర్తును నొక్కి ఆపుతూ పోతే, ఎవరో తెలియని పనివాడు ఆ పుటను ఏ వరసలో కట్టాడో కనబడుతుంది. నీడ ఏ పొర కింద వేశాడు, ముసుగును ఎక్కడ మృదువుచేశాడు అన్నవన్నీ విప్పిచూడవచ్చు. స్టూడియో గురువు దాచుకున్నదానిని ఈ ఫైలు దాచుకోలేదు. పాఠ్యపుస్తకం లేని విద్యకు ఇదే పాఠ్యపుస్తకమైంది. దీనిని నకలు సరుకుగా కొట్టిపారేసేవారు ఈ బోధనా విలువను గమనించినట్లు లేదు.

5. వెతుకులాటకు చిక్కని తెలుగు

ఇంతవరకు సాగిన కథలో తెలుగులో రాత చాలా తక్కువ. అంతర్జాలం అందుబాటులోకి వచ్చాక సహాయం కోసం వెతికినవారికి ఎదురైనది ఆంగ్లం. ఫొటోషాప్ తెరమీద కనిపించే మాటలూ, కంపెనీ ఇచ్చే సహాయపుటలూ తెలుగులో లేవు. అందుచేత ఆంగ్లం రానివారికి ఈ విద్య అందలేదని సాధారణంగా చెబుతారు. ఈ మాట సగమే నిజం. తెరమీది నలభై యాభై ఆంగ్లపదాలను గుర్తుపట్టడం పదో తరగతితో ఆగిపోయినవారికి కూడా అడ్డంకి కాలేదు. ఆ పదాలను గుర్తుపట్టి ఆ సాఫ్ట్‌వేరుతోనే బతికిన దుకాణాలు ప్రతి మండల కేంద్రంలో ఉన్నాయి.

అడ్డంకి మరొకచోట ఉంది. డీటీపీ కేంద్రాలు తెలుగును రోజంతా టైపుచేస్తూనే ఉన్నాయి. అయితే ఆ తెలుగు అను ఫాంట్ల వంటి యూనికోడేతర ఫాంట్లలోనిది. అటువంటి ఫాంటులో ‘క’ అనే అక్షరానికి కంప్యూటరు లోపల తెలుగు గుర్తింపు లేదు. రోమన్ అక్షరానికో చిహ్నానికో కేటాయించిన స్థానంలో ‘క’ బొమ్మను కూర్చోబెట్టడమే ఆ పద్ధతి. కాగితంమీద అచ్చయినప్పుడు అందమైన తెలుగు వస్తుంది. అదే రాతను ఫాంటు లేని మరో కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరస. వెతుకుయంత్రానికి అది తెలుగు కానేకాదు. డీటీపీ కోర్సులకు తయారైన నోట్సులు, తెలుగులో వెలువడిన కంప్యూటరు పుస్తకాలు కాగితంమీద ఉండగా చదవడానికి పనికివచ్చాయి. వాటి ఫైళ్లను ఉన్నవి ఉన్నట్లు అంతర్జాలంలో పెట్టినా తెలుగులో వెతికేవారికి దొరకవు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగును చూపగలిగింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఈ తేదీలను చూస్తే డీటీపీ రంగం అప్పుడే మారిపోవలసింది. మారలేదు. ఆ రంగాన్ని మొండిదని నిందించేవారు దాని పనిముట్టును ఒకసారి చూడాలి. నాటి ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగును అతికిస్తే ఒత్తులు అక్షరం కిందికి చేరక పక్కన పొల్లులతో నిలబడేవి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం మూడు ముక్కలై పడేది. పెళ్లిపత్రికమీద వధువు పేరు అలా విరిగితే ఒప్పుకునే తండ్రి ఉండడు. అందుకని యూనికోడేతర ఫాంటు అలవాటు మాత్రమే కాదు, అవసరం కూడా అయింది. ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపుల కూర్పు 2012లో వచ్చిన సీఎస్6 రూపంతో సాధ్యమైంది. ఫొటోషాప్‌లో దక్షిణాసియా లిపుల కోసం ప్రత్యేక ఏర్పాటు ఆ తరువాతి క్రియేటివ్ క్లౌడ్ కాలంలో చేరింది. అప్పటికి డీటీపీ కేంద్రాలలోని పాత ఫైళ్ల రాశి కొండంతయింది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే బర్క్‌లీ విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన జింప్ ఉచితమైనది, స్వేచ్ఛగా పంచుకోదగినది. 2004లో వచ్చిన 2.0 రూపం నుంచి అది అక్షరాల కూర్పుకు పాంగో అనే ఏర్పాటును వాడుతున్నది. పాంగో ఉద్దేశమే ప్రపంచ లిపులన్నిటినీ సరిగా కూర్చడం. అంటే తెలుగు ఒత్తులను నిలబెట్టే దారి డబ్బు పెట్టనక్కరలేని పనిముట్టులో ఉంది. కానీ స్టూడియోలు డబ్బు పెట్టని దొంగప్రతినే నమ్ముకున్నాయి. స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రచారం చేసినా దాని పలుకు కళాశాలలలో వినిపించినంతగా స్టూడియోలలో వినిపించలేదు. పక్క దుకాణంలో ఉన్నదే నేర్చుకోవడం ఈ వృత్తి ధర్మం. సందేహం తీర్చేవాడు అక్కడే ఉన్నాడు గదా.

6. మళ్లీ పక్కన కూర్చొని

యూట్యూబ్ భారతీయ రూపం 2008 మేలో ప్రారంభమైంది. ‘కంప్యూటర్ ఎరా’ మాసపత్రిక సంపాదకులు నల్లమోతు శ్రీధర్ వంటివారు కాగితంమీద తెలుగులో చెప్పిన సాంకేతిక విషయాలను వీడియోలుగా కూడా చెప్పసాగారు. బొంబాయి ఐఐటీ ఆధ్వర్యంలో కేంద్రప్రభుత్వ సహాయంతో నడిచే ‘స్పోకెన్ ట్యుటోరియల్’ ప్రాజెక్టు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పాఠాలను తయారుచేసి, తెలుగు సహా భారతీయ భాషలలోకి మాట మార్చే పని చేపట్టింది. అది నేర్పే విషయాలలో జింప్ ఒకటి. ఆ జింప్ పాఠాలకు మూలం జర్మనీ దేశస్థుడు రోల్ఫ్ స్టైనోర్ట్ తన ఇష్టంకొద్దీ చేసిన వీడియోలు. ఎక్కడో బ్రెమెన్‌లో ఒకరు తీరికవేళ చెప్పిన పాఠం బొంబాయి మీదుగా భారతీయ భాషలకు చేరే దారి ఇలా ఏర్పడింది.

2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకయ్యాక వీడియో పాఠం మెట్టప్రాంతపు ఊళ్లకు నిజంగా అందింది. అంతకుముందు పది నిమిషాల వీడియో చూడడానికి పట్నం నెట్ సెంటరులో గంటకింత చెల్లించాలి. ఇప్పుడు మిరపకాయలు ఆరబోసిన కల్లంలో కూర్చొని కూడా చూడవచ్చు.

ఈ వీడియో పాఠం స్వభావాన్ని గమనిస్తే అది కొత్తది కాదని తెలుస్తుంది. చెప్పేవారి ముఖం చాలాసార్లు కనిపించదు. కనిపించేది కదిలే బాణంగుర్తు, వినిపించేది గొంతు. అది స్టూడియోలో గురువు చేతిని పక్కనుండి చూడడమే. గురువు కట్టిపెట్టిన నోరు ఇక్కడ విప్పుకున్నది. ఎంతసేపైనా ఆపి, వెనక్కి తిప్పి చూడవచ్చు, విసుక్కునేవారు లేరు. కానీ గురువుకు శిష్యుడి చెయ్యి కనబడదు. పెన్సిలు గట్టిగా నొక్కుతున్నావని మణికట్టు పట్టుకునేవారు ఈ బడిలో లేరు. సందేహాన్ని వీడియో కింద రాయాలి. రాయడం రాకనే గదా వీడియో దగ్గరికి వచ్చింది!

ఈ పాఠాల భాష తెలుగు పరిశోధకులు పట్టించుకోదగినది. ‘లేయర్ తీసుకోండి’, ‘మాస్క్ వేయండి’, ‘సెలెక్ట్ చేసుకోండి’ అన్నవి అందులోని మాదిరి వాక్యాలు. నామవాచకం ఆంగ్లం, క్రియ తెలుగు. పాత స్టూడియో భాషలోనూ ఇదే పొందిక. అయితే ఆ క్రియలలో వైవిధ్యం ఉండేది. ఫొటో తీయడం తీసేవారి పని, ఫొటో దిగడం కూర్చున్నవారి పని. ఫిల్ము కడగడం, ఫొటోలు కడిగించడం, ప్రింటు వేయడం, రంగులద్దడం, పటం కట్టించడం ఒక్కొక్కటీ చేతితో చేసే ఒక్కొక్క పనిని చూపుతాయి. డిజిటల్ కాలంలో ‘చేయు’ ధాతువు వీటిలో చాలావాటిని మింగింది. క్రాప్ చేయడం, ఎడిట్ చేయడం, షార్ప్ చేయడం, సేవ్ చేయడం. ఆంగ్ల నామాలు రావడంకంటె తెలుగు క్రియలు పోవడమే ఇక్కడ అసలైన నష్టం. నీళ్లు తాకని ఫొటోను కూడా ‘కడిగించుకు రమ్మని’ పంపే పెద్దవారి నోట ఆ క్రియ ఇంకా కొంతకాలం బతుకుతుంది.

వెతకడానికి వాడే భాష మరొకటి. ఫోనులో తెలుగు మీట ఉన్నా ‘ఫొటోషాప్ తెలుగులో’ అని రోమన్ అక్షరాలతో కొట్టేవారే ఎక్కువ. వీడియోలు పెట్టేవారు కూడా అందుకు తగినట్లే శీర్షికలను రోమన్ లిపిలో పెడతారు. శీర్షికలో లేని మాట వీడియో లోపల ఎంత బాగా చెప్పినా వెతికేవారికి దొరకడం కష్టం. ఇరవై నిమిషాల పాఠంలో పదమూడో నిమిషాన చెప్పిన చిన్న కిటుకు, పాతకాలపు రసాయనాల పాళ్లలాగే, ఆ రోజు చూసినవారి జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. యూనికోడేతర ఫాంటులో చిక్కుకున్న తెలుగు ఇప్పుడు వీడియోలో చిక్కుకున్నది. పాఠాలు వేలాదిగా పెరిగినా, ‘జుట్టు అంచును వెనుక తెరనుంచి విడదీయడం ఎలా’ అని తెలుగు లిపిలో అడిగితే తెలుగు లిపిలో జవాబిచ్చే పుట దొరకడం నేటికీ అరుదే.

7. ఓటరు కార్డు ముఖం

2023లో ఫొటోషాప్‌లోకి వచ్చిన ‘జెనరేటివ్ ఫిల్’, దానికి ముందూ వెనకా ఫోన్లలోకి వచ్చిన కృత్రిమ మేధ సాధనాలు సవరణ అన్న మాట అర్థాన్నే కదిలించాయి. గోరంత ముఖాన్ని ఇస్తే క్షణాలలో గోడంత ముఖాన్ని ఇస్తాయి. కనురెప్పల వెంట్రుకలు, చర్మంమీది సన్నని రంధ్రాలు, కంటిలో వెలుగుచుక్క అన్నీ ఉంటాయి. అసలు బొమ్మలో ఇవేవీ లేవు. లక్షల ముఖాలను చూసిన యంత్రం ఇక్కడ ఇలా ఉండవచ్చునని ఊహించి పెట్టినవి. ఈ సాధనాన్ని వాడడమెలాగో చెప్పే తెలుగు వీడియో రెండు మూడు నిమిషాలకు మించదు. ఎందుకంటే నేర్చుకోవలసిన చేతిపని అందులో లేదు.

పెన్సిలుతో పనిచేసినవారికి నెగటివే హద్దు. నెగటివులో లేని ముఖాన్ని పెన్సిలు పుట్టించలేదు, ఉన్న ముఖాన్ని తేలిక చేయగలదు. పీఎస్‌డీ కాలంలో హద్దు కొంత జరిగింది. లుంగీ కట్టిన తాతకు కోటు తొడిగించారు, పక్కన ఎప్పుడూ నిలబడి ఫొటో దిగని భార్యను తెచ్చి నిలబెట్టారు. అప్పటికీ ముఖం జోలికి వెళ్లలేదు. కోటు ఎవరిదైనా ముఖం మనిషిదే. నేటి యంత్రం మొదట మార్చేది ముఖాన్ని. పెద్దకర్మ నాడు బంతిపూల దండ వేసిన పటం ముందు నిలబడి ‘అమ్మ ఇలా ఉండేది కాదురా’ అని ఇంటి ఆడపడుచు అంటే, తప్పు ఎక్కడ జరిగిందో ఆ పటం చేసిన కుర్రవాడికి తెలియదు. అతడు చూసిన పాఠంలో మీట నొక్కడం ఉంది, ముఖాన్ని చూడడం లేదు.

అనుభవమున్న పనివారు ఈ చిక్కును పాత పద్ధతిలోనే దాటుతారు. యంత్రం ఇచ్చిన ముఖాన్ని పైపొరగా ఉంచి, ఓటరు కార్డు ముఖాన్ని పెద్దదిచేసి కింది పొరగా పెడతారు. పైపొర బలాన్ని సగానికి, అవసరమైతే పావుకు తగ్గిస్తారు. కళ్లదగ్గర, నోటిదగ్గర ముసుగు వేసి పైపొరను పూర్తిగా తొలగిస్తారు. అక్కడ బొమ్మ మసకగానే ఉంటుంది. తరువాత ఇంటివారిలో ఒకరిని పిలిచి పక్కన కుర్చీ వేస్తారు. గడ్డంమీద పుట్టుమచ్చ కుడివైపా ఎడమవైపా, ముక్కుపుడక రాయి ఎరుపా తెలుపా, బొట్టు ఎంత పెద్దది పెట్టుకునేది అని ఒక్కొక్కటే అడుగుతారు. చీర రంగు దగ్గరికి వచ్చేసరికి కూతురూ కోడలూ ఒకమాట మీద ఉండరు.